లండన్ సిల్వర్ వాల్ట్స్: చెంచా మీది జింక తల ఎవరిదో అడగడానికి వెళ్తే

పాత ఇంగ్లీషు వెండి సామాను మీద చెక్కిన కుటుంబ చిహ్నం ఏ ఇంటివాళ్లదో తెలుసుకోవాలని ఉంటే, ముందుగా చాన్సరీ లేన్‌లోని లండన్ సిల్వర్ వాల్ట్స్‌కి వెళ్లండి. అక్కడ ఇంటిపేరు చెప్పేసి పంపిస్తారని కాదు. నాకూ చెప్పలేదు. కానీ ఏది చెప్పగలరో, ఏది చెప్పలేరో, ఎందుకు చెప్పలేరో వస్తువు చేతిలో పెట్టుకుని చూపించారు. పాత వెండి కొనేవాళ్లకి అంతకంటే పనికొచ్చే సాయం ఇంకోటి ఉండదని నా నమ్మకం.

మా పెళ్లి సిల్వర్ జూబ్లీకి మా తమ్ముడు రెండు వెండి చెంచాలు కొనిచ్చాడు. టేబుల్ స్పూన్లు అంటారు గానీ ఇప్పటి టేబుల్ స్పూన్ల లెక్కలో ఊహించుకోకండి. జానెడు పొడవుంటాయి, కూర వడ్డించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఒక వ్యాపారి దగ్గర తీసుకున్నాడు. కాడ చివర ఒక చిన్న కిరీటం, ఆ కిరీటంలోంచి పైకి లేచిన కొమ్ముల జింక తల. దాంతోపాటు వచ్చిన కాగితం మీద ‘డ్యూక్ కుటుంబానికి చెందిన జత’ అని ఉంది. డ్యూక్ అంటే ఇంగ్లీషు ప్రభువుల్లో అందరికంటే పై హోదా. ఏ డ్యూకో మాత్రం లేదు. తమ్ముడు మెసేజ్ పెట్టి అడిగితే, “కిరీటం చూడండి, అది డ్యూక్ కిరీటం” అని జవాబు వచ్చిందట. ధర కూడా ఆ కిరీటానికి తగ్గట్టే వేశారు.

మన ఇళ్లల్లో గిన్నె కొంటే షాపులోనే పేరు కొట్టిస్తాం. పెళ్లి సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, తారీఖు కూడా ఉంటాయి. బాపట్లలో మా అమ్మ వాళ్లింట్లో ఏ గిన్నె తిరగేసినా అది ఏ మేనత్త పెట్టిందో, ఏ సంవత్సరం పెట్టిందో చదువుకోవచ్చు. ఈ ఇంగ్లీషువాళ్లు పేరు రాసే చోట బొమ్మ చెక్కించుకున్నారు. మరి ఆ బొమ్మని చదివేదెలా? ఎవరో ఒకరి అమ్మమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద ఉండాల్సిన వస్తువు నా వంటింట్లో ఉంది. అది ఎవరిదో తెలియకుండా వాడుకోవడం నాకు నచ్చలేదు.

సిల్వర్ వాల్ట్స్ భూమి లోపల ఉంటుంది. 19వ శతాబ్దంలో లండన్ డబ్బున్నవాళ్లు తమ వెండి, నగలు, దస్తావేజులు దాచుకోవడానికి అద్దెకి తీసుకునే స్ట్రాంగ్ రూములు ఇవి. రెండో ప్రపంచ యుద్ధంలో పైన ఉన్న భవనం బాంబులకి పోయింది గానీ కింది గదులు నిలిచాయి. 1953 నుంచి వెండి వర్తకుల దుకాణాలుగా ఇప్పుడున్న రూపంలో నడుస్తున్నాయి. మెట్లు దిగి కిందికి వెళ్తే పొడవాటి నడవా, దానికి అటూ ఇటూ బ్యాంకు లాకర్ గదికి ఉండేలాంటి మందపాటి ఇనుప తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో దుకాణం. నేల నుంచి పైకప్పు దాకా వెండి. పాతిక ముప్పై దుకాణాలు ఉంటాయి. చాలావరకు కుటుంబ వ్యాపారాలు, తాత తండ్రుల నుంచి వచ్చినవి. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, కొనాలన్న బలవంతమూ లేదు.

ఒక విషయం ముందే చెప్పాలి. ‘చిహ్నాలు గుర్తించబడును’ అని అక్కడ ఏ బోర్డూ ఉండదు. ఇవి అమ్మే కొనే దుకాణాలు. ఖాళీగా ఉన్నప్పుడు, మర్యాదగా అడిగితే చూస్తారు. మొదట వెళ్లిన చోట చెంచా అటూ ఇటూ తిప్పి, “అమ్ముతారా?” అని అడిగారు. అమ్మనన్నాను. అంతటితో మాట అయిపోయింది. వాళ్లని తప్పుపట్టను, వాళ్ల పని అది. రెండో దుకాణంలో ఒక పెద్దాయన స్టూల్ చూపించి కూర్చోమన్నారు. ఈ రివ్యూ దాదాపు అంతా ఆయన గురించే.

ఆయన చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. జింక తల వైపు చూడనే లేదు. రెండు చెంచాలూ బోర్లా తిప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని కాడ వెనక ఉన్న హాల్‌మార్కులు చదవడం మొదలుపెట్టారు. “బొమ్మ అబద్ధం చెప్పొచ్చు, వీటికి ఆ అలవాటు తక్కువ” అన్నారు. ఆ వరుసలో నడుస్తున్న సింహం ఉంది. అంటే స్టెర్లింగ్, నూటికి 92.5 పాళ్లు వెండి. 1544 నుంచి వాడుతున్న గుర్తు అది. పక్కన కిరీటం పెట్టుకున్న చిరుతపులి ముఖం, అంటే లండన్‌లో పరీక్ష చేయించారని. ఆ చిరుతకి 1821లో కిరీటం తీసేశారట. కాబట్టి తల మీద కిరీటం ఉంటే వస్తువు దాదాపు అంతకుముందుదే. తర్వాత రాజుగారి తల. 1784 నుంచి 1890 దాకా వెండి మీద పన్ను కట్టినట్టు కొట్టే ముద్ర అది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. రెండు వందల ఏళ్ల కిందటి పన్ను రసీదు చెంచా వెనక చెరగకుండా ఉండటం నాకు భలే సంతోషం అనిపించింది.

ఇక అక్షరం. ప్రతి ఏడాదికీ ఒక అక్షరం ఉంటుంది. ఒక చెంచా మీద క్యాపిటల్ హెచ్, అంటే 1803. రెండోదాని మీద క్యాపిటల్ ఎఫ్, అంటే 1801. పెద్దాయన రెండూ పక్కపక్కన పెట్టి, “ఇవి ఒకే రోజు కొన్న జత కాదు” అన్నారు. చేసినవాళ్లు మాత్రం ఒక్కరే. మూడు జతల పొడి అక్షరాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పీటర్, ఆన్, విలియం బేట్‌మన్. 1800 నుంచి 1805 దాకా ఈ ముగ్గురూ కలిసి ఆ ముద్ర వాడారు.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను. ఈ బేట్‌మన్ల దుకాణాన్ని అంత పేరున్నదిగా చేసింది హెస్టర్ బేట్‌మన్ అనే ఆవిడ. భర్త 1760లో పోతే, మరుసటి ఏడాది లండన్‌లో వెండిని పరీక్షించి ముద్రలు వేసే గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో తన సొంత ముద్ర నమోదు చేయించుకుని, లండన్‌లోని బన్‌హిల్ రోలో పిల్లలతో కలిసి పని నడిపింది. 1790లో తప్పుకుంది. ఆ పొడి అక్షరాల్లో ఉన్న ఆన్ ఆవిడ కోడలే, తనూ వితంతువే. భర్త పోయాక అత్తాకోడళ్లిద్దరూ వెండి పని వదల్లేదు. ఆ జింక తల వాళ్ల పేరు దొరికినా దొరకకపోయినా, ఈ చెంచాల మీద కోడలి పేరు ఉందని తెలియడమే నాకు పెద్ద కానుక. తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, “అక్కా, డ్యూక్ కంటే ఈవిడే నయం కదే” అన్నాడు.

అప్పుడు పెద్దాయన చెంచాలు తిప్పి చిహ్నం చూశారు. ముందు కిరీటం సంగతి. అసలైన డ్యూక్ కిరీటానికి ఎనిమిది ఆకులుంటాయి. బొమ్మలో ముందువైపు అయిదు కనిపిస్తాయి. మా చెంచా మీద మూడే. మధ్యలో ఒక నిండు ఆకు, అటూ ఇటూ సగం సగం. ఇది హోదా చెప్పే కిరీటం కాదు, జింక తలకి పీఠంలా పెట్టిన అలంకారం. ఎంతోమంది మామూలు భూస్వాముల చిహ్నాల్లో కూడా ఇదే ఉంటుంది. పాత చిహ్నాల పుస్తకాల్లో దీన్ని ‘డ్యూకల్ కరొనెట్’ అనే రాస్తారు కాబట్టి, సగం చదివిన వ్యాపారులు డ్యూక్ అని చెప్పేస్తారట. ఆయన మాటతో ఆపలేదు. అరలోంచి ఒక పళ్లెం తీసి, దాని అంచు మీద చెక్కిన నిజమైన హోదా కిరీటం చూపించారు. గట్టు మీద వరుసగా నాలుగు గుండ్లు. అంటే బ్యారన్, ప్రభువుల్లో అన్నిటికంటే కింది హోదా. మధ్య హోదా అయిన ఎర్ల్ అయితే పొడుగాటి కాడల మీద అయిదు గుండ్లు, మధ్యమధ్యలో ఆకులు. ఆ తేడా ఒకసారి కళ్లతో చూశాక ఇంక ఎవరూ మనల్ని మోసం చెయ్యలేరు.

తర్వాత అసలు విశేషం. 1803 చెంచా మీద కిరీటం కింద ఆవగింజంత నక్షత్రం ఉంది. ఇన్నాళ్లూ అది గీత అనుకున్నాం. ఇంగ్లీషు పద్ధతిలో కొడుకుల వరుసని బట్టి చిహ్నానికి ఒక చిన్న గుర్తు కలుపుతారు. రెండోవాడికి నెలవంక, మూడోవాడికి అయిదు కోణాల నక్షత్రం, నాలుగోవాడికి కాళ్లు లేని ఒక పిట్ట. 1801 చెంచా మీద నక్షత్రం లేదు. అంటే రెండూ ఒకే వంశానివే అయినా ఒకటి పెద్ద ఇంటిది, ఇంకోటి మూడో కొడుకు శాఖది అయి ఉండొచ్చు. అయి ఉండొచ్చు అని ఆయన నొక్కి చెప్పారు. ఈ గుర్తులు పెట్టడం అందరూ పాటించలేదట. పెట్టినవాళ్లు కూడా తర్వాత తరంలో మార్చుకోకుండా అలాగే వదిలేసేవారట.

చెక్కడం చెంచా నాటిదేనా, తర్వాత చేయించిందా అన్నది ఇంకో ప్రశ్న. విక్టోరియా కాలంలో కొత్తగా డబ్బు చేసినవాళ్లు పాత వెండి కొని తమ చిహ్నం చెక్కించుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు పాత చిహ్నాన్ని గీకి తీసేస్తారు. దాన్ని పట్టుకోవడానికి ఆయన చేసిన పని మీరు ఇంట్లోనే చెయ్యొచ్చు. చెక్కిన చోట నోటితో గట్టిగా ఆవిరి ఊదాలి. గీకిన చోట ఉంటే ఆ ఆవిరిలో మచ్చలాగా వేరుగా కనిపిస్తుంది, ఒక్కోసారి పాత బొమ్మ నీడ కూడా తేలుతుంది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి కాడని నెమ్మదిగా తడమాలి. గీకిన చోట పల్చబడి గుంటలా తగులుతుంది. మావి రెండూ శుభ్రంగా ఉన్నాయి. గీతల అంచులు కాస్త అరిగాయి, ఆ అరుగుదల చుట్టూ ఉన్న వెండి అరుగుదలతో సమానంగా ఉంది. కాబట్టి చెంచా వయసే చెక్కడం వయసు అని ఆయన అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. మా చెంచాల మీద చిహ్నం ముందువైపు ఉంది. 18వ శతాబ్దం మొదటి సగంలో చెంచాలని బల్ల మీద బోర్లా పెట్టేవారు కాబట్టి చిహ్నం కాడ వెనక చెక్కేవారు. 1760ల తర్వాత కాడ చివర కిందికి వంగిన కొత్త రకం వచ్చింది, చెంచాలు వెల్లకిలా పెట్టడం మొదలైంది, చిహ్నం ముందుకి వచ్చింది. చిహ్నం ఏ వైపు ఉందో చూస్తే కాలం ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

ఇంత చెప్పాక, మరి ఎవరిది అని అడిగాను. “తెలీదు. ఒక్క చిహ్నంతో పేరు చెప్పేవాళ్ల దగ్గర కొనకండి” అన్నారు. డాలు మీద ఉండే పూర్తి కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఒక్కో వంశానికి ప్రత్యేకంగా ఉంటుంది. దాని మీద గీతలకి కూడా అర్థం ఉంది. నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, చుక్కలు బంగారు రంగు. దాన్ని పట్టుకుంటే పేరు దాదాపు దొరుకుతుంది. కానీ చెంచా కాడ మీద డాలుకి చోటు ఎక్కడ? శిరస్త్రాణం పైన ఉండే బొమ్మని ఒక్కదాన్నే చెక్కుతారు. అదే క్రెస్ట్. సింహాలు, జింకలు, గద్దలు, గద్ద తలా సింహం ఒళ్లూ ఉండే గ్రిఫిన్లు ఎన్నో కుటుంబాలు ఒకే రకంగా వాడుకున్నాయి. అధికారం ఉన్నవాళ్లే కాదు, చెక్కేవాడి దగ్గరికి వెళ్లి నచ్చింది పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. 1798 నుంచి 1944 దాకా బ్రిటన్‌లో ఇలాంటి చిహ్నం వాడుకున్నందుకు ఏటా పన్ను కూడా ఉండేది. హక్కు ఉందా లేదా అన్నదానితో ఆ పన్నుకి పని లేదు, వాడితే కట్టాలి. అంటే మా చెంచా ఆసామి వెండికి ఒక పన్ను, జింకకి ఇంకో పన్ను కట్టాల్సిన మనిషి.

ఆయన దగ్గర ఉన్న ఫెయిర్‌బెయిర్న్ చిహ్నాల పుస్తకం తీసి బొమ్మల పేజీలు తిప్పించారు. 1859లో మొదట వచ్చింది, 1905 నాటి ముద్రణని ఎక్కువ వాడతారు. ఒక భాగంలో ఇంటిపేర్లు అక్షర క్రమంలో, ఒక్కో పేరు కింద చిహ్నం వర్ణన. ఇంకో భాగంలో బొమ్మలు, ఏ బొమ్మ ఏయే ఇళ్లవాళ్లదో చెప్పే పట్టిక. నినాదాల పట్టిక విడిగా ఉంది. చిహ్నం పక్కన లాటిన్ మాటలేమైనా ఉంటే అక్కడ మొదలుపెట్టడం చాలా తేలిక. మావాటి మీద మాటలు లేవు. కిరీటంలోంచి లేచిన జింక తల కింద ఉన్న పేర్ల వరుస చూస్తే ఆయన మాట పూర్తిగా అర్థమైంది. ఈ పుస్తకానికి కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి పాత ముద్రణలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను అప్పటినుంచి రాత్రిళ్లు అదే పనిలో ఉన్నాను. జింక మెడలో పట్టీ ఉన్నవాళ్లని, నోట్లో ఆకు ఉన్నవాళ్లని కొట్టేస్తూ వస్తున్నాను.

పుస్తకం మూసేశాక ఆయన, మీది ఏ ప్రాంతం అని అడిగారు. మద్రాసుకి ఉత్తరాన సముద్రం ఒడ్డు అన్నాను. వెంటనే లోపలినుంచి ఒక టీ కెటిల్ తెచ్చారు. మద్రాసు పని, 19వ శతాబ్దం చివరిది. చుట్టూ దేవతామూర్తులు ఉబ్బెత్తుగా. కృష్ణుణ్ని, వరాహావతారాన్ని నేను పోల్చుకున్నాను. మన దేవుళ్లతో నింపిన ఈ రకాన్ని ఇక్కడి వర్తకులు ‘స్వామి’ పని అంటారు. మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ అందులో బాగా పేరున్న సంస్థ. ఆ దేవుళ్ల మధ్యలో చిన్న అండాకారపు ఖాళీ వదిలి, అందులో ఒక ఇంగ్లీషు కుటుంబం తమ గ్రిఫిన్ చెక్కించుకుంది. దాన్ని చూస్తుంటే చాలాసేపు మాట రాలేదు. ఆ మూర్తుల్ని కొట్టిన కంసాలి పేరు దాని మీద ఎక్కడా లేదు. గ్రిఫిన్ ఎవరిదో వెతకడానికి పుస్తకాలున్నాయి, అతని కోసం వెతకడానికి ఏమీ లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఇంకా ముందుకి వెళ్లాలంటే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కి రాయొచ్చు. సెయింట్ పాల్స్ కేథడ్రల్ దగ్గర క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌లో ఉంది. 1484 నాటి సంస్థ, ఇంగ్లండ్‌లో అధికారికంగా చిహ్నాలు ఇచ్చేది వాళ్లే. రికార్డుల్లో వెతికితే ఫీజు తీసుకుంటారు. స్కాట్లండ్ వాళ్లదని అనుమానం ఉంటే ఎడిన్‌బరాలోని లార్డ్ లయన్ కోర్టు వేరే. అక్కడి రిజిస్టరు 1672లో మొదలైంది, హక్కు లేకుండా చిహ్నం వాడితే చట్టప్రకారం తప్పు కూడా. పెద్దాయన సలహా ఏమిటంటే, చెంచాలకి అంత ఖర్చు వద్దు. డాలు బొమ్మ పూర్తిగా ఉన్న పళ్లెమో కూజానో అయితే రాయండి. ఈ సలహా ఇచ్చినందుకు ఆయనకి పైసా లాభం లేదు. ఇంతసేపు కూర్చోబెట్టినందుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నేను ఒక చిన్న ఉప్పు చెంచా కొన్నాను. అది కొనమని కూడా ఆయన అనలేదు.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. చాన్సరీ లేన్ స్టేషన్‌లో సెంట్రల్ లైన్ దిగితే రెండు నిమిషాల నడక. ఆదివారం మూత, శనివారం మధ్యాహ్నం వరకే. మాట్లాడాలంటే మామూలు పనిరోజు పొద్దున వెళ్లండి. కింద ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, చూపించాల్సిన ఫోటోలు ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఫోటోలకంటే వస్తువే తీసుకెళ్లడం మంచిది. నక్షత్రం మా ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. ధరలు తక్కువేం కాదు. ఆన్‌లైన్‌లో ఇంతకంటే చవగ్గా దొరుకుతాయి. కానీ ఇక్కడ కొన్నదానికి ఏ ముద్ర ఏమిటో రసీదు మీద రాసిచ్చారు. కుటుంబం గురించి తెలియని చోట ‘గుర్తించని చిహ్నం’ అనే రాశారు. నా దృష్టిలో ఆ రెండు మాటలకే అయిదుకి అయిదు నక్షత్రాలు. మొదటి దుకాణంలో ఎదురైన ముక్తసరి మాటలకి అర నక్షత్రం తగ్గించుకోవాలనుకునేవాళ్లు తగ్గించుకోండి, నేను తగ్గించను.

చివరగా, బయల్దేరేముందు ఆయన గట్టిగా చెప్పింది. చిహ్నం ఉన్న చోట తోమకండి. మనవాళ్లు వెండిని విబూదితోనో టూత్‌పేస్ట్‌తోనో రుద్దుతారు. తళతళలాడుతుంది, నిజమే. ప్రతిసారీ గీతలు కూడా కొంచెం పోతాయి. జింక కొమ్ముకి ఎన్ని కొనలున్నాయో, మెడలో పట్టీ ఉందో లేదో, కింద నక్షత్రముందో లేదో తెలియాలంటే ఆ గీతలే ఆధారం. గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెలు కడిగే సబ్బు, వెంటనే మెత్తటి పాత నూలు గుడ్డతో తుడవడం. గీతల్లో మిగిలిన నలుపుని అలాగే ఉండనివ్వండి, బొమ్మ చదవడానికి అదే సాయం.